పాయింట్ల కోసం పాలకొల్లు

గోదావరి జిల్లాలకి జనం పడవెక్కడానికి వెళ్తారు, కొబ్బరితోటలు చూడ్డానికి వెళ్తారు, మొహమాటం లేనివాళ్లు ఫక్తు తిండి కోసమే వెళ్తారు. నేను ఖర్చు పెట్టడానికి వెళ్లాను. అరవై వేలు, అదీ కార్డు మీద, అదీ నాది కాని డబ్బు, అదీ మార్చి ముప్ఫై ఒకటో తారీఖు లోపల.

విషయం చెప్పేస్తాను, లేకపోతే నాకు పిచ్చెక్కిందనుకుంటారు. రెండు వేల అయిదు, ఆరు సంవత్సరాల్లో హైదరాబాదులో ఏ సిగ్నల్ దగ్గర ఆగినా టై కట్టుకున్న కుర్రాళ్లు క్రెడిట్ కార్డులు అంటగట్టేవాళ్లు. అలా నాకు రెండొచ్చాయి. ఎర్ర కార్డుకి ఏడాది ఫీజు లేదు, పాయింట్లు ఎప్పటికీ మురిగిపోవు. కానీ వంద రూపాయలు ఖర్చు పెడితే ఒక్క పాయింటు, పాయింటుకి పావలా విలువ. రెండేళ్లు గీకితే అన్నం వేడిగా ఉంచే డబ్బా ఒకటి ఇచ్చారు. నీలం కార్డుకి ఫీజుంది, రెండేళ్లలో వాడకపోతే పాయింట్లన్నీ గంగపాలు. కానీ దాని పాయింట్లతో విమానం టికెట్ వస్తుంది. ఇరవై వేల పాయింట్లకి రానూపోనూ టికెట్. ఆ టికెట్ పన్నెండు వేలనుకుంటే పాయింటుకి అరవై పైసలు పడుతుంది. పావలా ఎక్కడ, అరవై పైసలెక్కడ! అందుకే రెండేళ్లు పచారీ సరుకుల దగ్గర్నుంచి పక్కింటివాళ్ల ఫ్రిజ్ దాకా అన్నీ నీలం కార్డు మీదే కొన్నాను.

ఆ టికెట్ పోర్ట్ బ్లెయిర్‌కి. మా చెల్లెలు సుజాత అక్కడుంటుంది, వాళ్లాయనకి ఓడరేవులో ఉద్యోగం. పెళ్లయిన ఎనిమిదేళ్లకి దాని కడుపు పండింది. ఏప్రిల్ ఆఖర్లో పురుడు. డాక్టరు గడప దాటొద్దన్నారు. మా అమ్మ పోయి చాలాకాలమైంది, దానికి పుట్టిల్లంటే ఇప్పుడు నేనే. ఓడలో వెళ్దామంటే పోవడానికే మూడు రోజులు పైన, నేను లెక్కలు చూసే పళ్లాసుపత్రిలో ఇచ్చిన సెలవు కాస్తా సముద్రం మీదే అయిపోతుంది. విమానం టికెట్ కొనడానికి నా జీతం చాలదు. కాబట్టి నాకున్న దారల్లా పాయింట్లే. ఇంకా రెండు వేల నాలుగొందలు తక్కువున్నాయి, నెలాఖరికి అన్నీ మురిగిపోతాయి.

ఆ నెల్లో బట్టల మీద నూటికి నాలుగు పాయింట్లని నీలం కార్డువాళ్లు ఆఫరు పెట్టారు. సరిగ్గా అప్పుడే మావారి పెద్దమ్మ కొడుకు సత్యనారాయణ బావగారు, పాలకొల్లు దగ్గర రైతు, కూతురి పెళ్లిబట్టలు కొనబోతున్నారని తెలిసింది. ఆయన భార్య వెంకటలక్ష్మి అక్కకి ఫోన్ చేశాను. "అక్కా, బిల్లు నా కార్డు మీద కొట్టిస్తాను, ఆ డబ్బు మీరు నా చేతికిచ్చెయ్యండి" అన్నాను. "దానికేముందమ్మా, నువ్వు ముందు రా" అంది. నేను 'దానికేముందమ్మా' విన్నాను. ఆవిడ మనసులో ఉన్నది 'రా' మాత్రమే. అది నాకు తర్వాత అర్థమైంది.

రాజమండ్రిలో పెసరట్టు

రైలు దిగేసరికి పొద్దున్నే ఉక్క మొదలైపోయింది. బావగారి కారు రావడానికి ఇంకా టైముంది. నాకు ఒకచోట కూర్చోవడం చేతకాదు, అందులోనూ ఆ నాలుగు రోజులు కాళ్ల కింద నిప్పులు పోసినట్టే ఉంది. స్టేషన్ ఎదురుగా హోటల్లోకి వెళ్లి పెసరట్టు ఉప్మా చెప్పాను. మా కర్నూల్లో పెసరట్టంటే పెసరట్టే. ఇక్కడ దాని పొట్టలో ఉప్మా పెట్టి, పైన అల్లం ముక్కలు జల్లి, పక్కన అల్లం పచ్చడి వేసి ఇస్తారు. అల్లంతో అల్లం నంజుకోవడమేంటో అనుకున్నాను గానీ, రెండోది కూడా తెప్పించుకున్నాను.

గల్లాపెట్టె దగ్గర కార్డు మిషన్ కనిపించింది. పైన చేతిరుమాలు కప్పి ఉంది.

"పనిచేస్తుందాండి?"

"ఆయ్, బ్రహ్మాండంగా పనిచేస్తదండి. కాకపోతే నూటికి రెండు రూపాయలు మీ దగ్గరే తీసుకోవాలి. మీకెందుకండీ ఆ నష్టం?" అన్నాడు గల్లా మీద పెద్దాయన.

నేను అక్కడే వేళ్ల మీద లెక్కేశాను. మామూలు రోజుల్లో నూటికి రెండు పాయింట్లంటే రూపాయి ఇరవై పైసలు. దాని కోసం రెండు రూపాయలిస్తే ఎదురు ఎనభై పైసలు చేతిచమురు. బట్టల ఆఫర్లో నాలుగు పాయింట్లు కాబట్టి రెండు రూపాయల నలభై పైసలు, రెండు పోతే నలభై పైసలు మిగులు. రెండేళ్ల నుంచి ఈ రెండు రూపాయలు ఎన్నిచోట్ల ఇచ్చుకున్నానో ఇంక లెక్కెయ్యదల్చుకోలేదు. సరే, నోట్లు తీద్దామని పర్సు తెరిచాను.

"మీది కట్టేశారండి. ఇందాక మీ ఎదురుగా కూచున్నాయన."

టేబుల్ దగ్గర నాతో నాలుగు ముక్కలు మాట్లాడిన ముసలాయన! పాలకొల్లు సత్యనారాయణ గారింటికి వెళ్తున్నానని చెప్పిన పాపానికి, 'ఆయన మాకు బాగా తెలుసండి' అని, చెయ్యి కడుక్కుని బిల్లు కట్టేసి వెళ్లిపోయాడు. మా వైపూ టిఫిన్ పెట్టిస్తారు. కానీ పెట్టిస్తున్నామని ముందు చెప్తారు, ఆ తర్వాత పదేళ్లు గుర్తుచేస్తారు. ఇలా చెప్పాపెట్టకుండా కట్టేసి మాయమైపోవడం నేనెక్కడా చూళ్లేదు. నాకు సంతోషం కన్నా కంగారెక్కువైంది. ఈ జిల్లాలో ఖర్చు పెట్టడం నేననుకున్నంత సులువు కాదని అప్పుడే అనుమానం వచ్చింది.

ఆత్రేయపురంలో పైట సర్దుకోవడం

బావగారు కారులో వచ్చారు. తెల్ల పంచె, భుజం మీద కండువా, మాటకి ముందు నవ్వు. దారిలో ఆత్రేయపురంలో ఆగాం, పెళ్లికి పూతరేకులు చెప్పాలి.

మంగతాయారు అనే ఆవిడ ఇంటి వరండాలో పొయ్యి మీద బోర్లించిన కుండ ఉంది. పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి అలా లాగుతుంది. కళ్లు మూసి తెరిచేలోపు పొర లేచి వస్తుంది. నేను ఉండబట్టలేక దగ్గరికెళ్లి వంగాను. చెమట పట్టి పైట కొంగుతో విసురుకున్నాను. అంతే, ఆరబెట్టిన నాలుగు రేకులు లేచి వెళ్లి గోడకి కొట్టుకుని పొడిపొడైపోయాయి.

"అయ్యయ్యో! తల్లీ, నువ్వా పైట కాస్త బొడ్లో దోపుకోమ్మా" అంది మంగతాయారు. తిట్టలేదు, నవ్వింది. ఆ తర్వాత నెయ్యీ బెల్లం చుట్టిన రేకు నా చేతిలో పెట్టింది. నోట్లో పెట్టుకున్నాక నమలడానికి ఏమీ మిగల్లేదు. మూడు తిన్నాను. పాడుచేసిన వాటికి డబ్బిస్తానంటే ఆవిడ మొహం ముడుచుకుంది.

"కార్డు తీసుకుంటారా?" అని మాటవరసకి అడిగాను.

"మా అల్లుడికీ ఉందండి ఆ కార్డు. ముందు కొని తర్వాత ఏడుస్తాడు" అంది.

బావగారు పకపకా నవ్వారు. తర్వాత కారెక్కాక, "అంటే అది అప్పేనామ్మా?" అని మెల్లిగా అడిగారు. "అప్పు కాదు బావగారూ, గడువులోగా కట్టేస్తే వడ్డీ ఉండదు" అన్నాను. "వడ్డీ లేని అప్పా" అన్నారు. నేను కిటికీలోంచి రెండో పంట దాళ్వా చేలు చూస్తూ ఆ మాట పట్టించుకోలేదు.

పాలకొల్లు బట్టల కొట్టు

ఆ రాత్రి వాళ్లింట్లో తిన్న భోజనం గురించి రాయాలంటే వేరే పుస్తకం రాయాలి. పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, చేపల పులుసు. పులస అడిగాను, "అది వరదనీటికి కదమ్మా వచ్చేది, ఇప్పుడెక్కడ?" అని జాలిపడ్డారు. మా వైపు 'చాలు' అంటే చాలు. ఇక్కడ 'చాలు' అంటే ఇంకో గరిటె వెయ్యమని. విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెడితే గానీ అక్క ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే క్షీరారామంలో దణ్ణం పెట్టుకుని బట్టల కొట్టుకి వెళ్లాం. ఆ గోపురం ఎత్తుకి తల వెనక్కి వాల్చి చూడాలి, నేను సగం చూసి వాచీ చూసుకున్నాను. కొట్లో చెప్పులు బయట విడిచి తెల్ల పరుపుల మీద కూర్చోవాలి. పట్టుచీరలు ఒకదాని మీద ఒకటి విప్పుతున్నారు. అక్కకి అన్నీ నచ్చుతాయి, పెళ్లికూతురికి ఏదీ నచ్చదు. మధ్యలో మూడుసార్లు కాఫీ, రెండుసార్లు కూల్‌డ్రింకు. నేను లేస్తూ, కూర్చుంటూ, మిషన్ ఎక్కడుందో చూస్తూ గడిపాను.

మధ్యాహ్నం దాటాక బిల్లు అరవై ఒక్క వేల చిల్లరైంది. నీలం కార్డిచ్చాను. కొట్టు యజమాని గీకాడు. మిషన్ ఫోను లైన్లో కాసేపు కీచుకీచుమంది, తర్వాత చీటీ బయటికొచ్చింది. సంతకం పెట్టేశాను. టికెట్ వచ్చేసింది! అక్కడికక్కడే సుజాతకి ఫోన్ చేసి, "వస్తున్నానే!" అని అరిచాను. కొట్లో అందరూ తిరిగి చూశారు.

కారెక్కబోతూ బావగారు కండువా మర్చిపోయానని మళ్లీ లోపలికెళ్లారు. ఆలస్యంగా వచ్చారు. నాకివ్వాల్సిన డబ్బు సంగతెత్తితే, "వెళ్లేటప్పుడు చూద్దాం లేమ్మా" అన్నారు. పదేపదే అడిగితే బాగుండదని ఊరుకున్నాను గానీ, ఆ రాత్రి కుదురుగా నిద్రపోలేదు. డబ్బు రాకపోతే ఆ బిల్లు నా నెత్తిన పడుతుంది మరి.

ఉప్పాడ ఒడ్డున గొడవ

మూడో రోజు పెళ్లికూతురి ముహూర్తం చీర కోసం ఉప్పాడ వెళ్లాం. చాలా దూరం. దారంతా కాలవలు, చేపల చెరువులు. మగ్గం ఉన్న ఇంట్లో చీర రెండు వైపులా తిరగేసి చూపించారు, ఏది లోపలి వైపో ఏది బయటి వైపో నేను పట్టుకోలేకపోయాను. బావగారు బేరమాడకుండా నోట్లు లెక్కపెట్టి ఇచ్చారు. నాకేమీ అనిపించలేదు, నా టికెట్ అయిపోయింది కదా అన్న ధీమా.

తర్వాత సముద్రం దగ్గరికెళ్లాం. అక్కడ రోడ్డు సగం లేదు. బండరాళ్లు పోశారు గానీ వాటిమీంచి కూడా అలలు దూకుతున్నాయి. వంజరం చేపలు అమ్ముతున్న ఒకామె, తన చిన్నప్పటి ఇల్లు అదిగో అని అలల్లోకి వేలు చూపించింది. "ఇప్పుడున్నదీ ఎన్నాళ్లోనండి. వచ్చినప్పుడు సర్దుకుని ఎనక్కెళ్తాం" అంది. నాకు కాలు ఒకచోట నిలవలేదు. ఆమె ఏమో, "కూచోండమ్మా, చేప కోసిస్తాను, ఎందుకలా తిరుగుతారు?" అని నన్ను కేకలేసింది.

సిగ్నల్ బాగానే ఉందని కార్డు కంపెనీకి ఫోన్ చేశాను. పాయింట్లు ఎంతైనాయో చెవులారా వినాలని. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అన్నీ అయ్యాక ఒకమ్మాయి లైన్లోకొచ్చింది.

"మేడమ్, ఆ లావాదేవీ అదే రోజు రద్దయిపోయింది. కొట్టువాళ్లే రద్దు చేశారు."

నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పించుకున్నాను. తిరిగి చూస్తే బావగారు బండరాయి మీద కూచుని కండువాతో మొహం తుడుచుకుంటున్నారు. అప్పుడు వెలిగింది.

"బావగారూ! నిన్న మళ్లీ కొట్లోకెందుకెళ్లారు?"

ఆయన దాచలేదు. "ఏం లేదమ్మా, డబ్బు కట్టేసి ఆ కార్డు చీటీ రద్దు చేయించేశాను. మా ఇంటికొచ్చిన కోడలు చేత అప్పు చేయించి పిల్ల పెళ్లిబట్టలు కొంటామా? మా ఇంట్లో తాతల నాటినుంచీ పెళ్లిబట్ట అప్పు మీద తేలేదు. చెప్తే నువ్వొప్పుకోవని చెప్పలేదు."

అంతే, నాకు ఒళ్లు తెలీలేదు. పెద్ద చిన్న చూడకుండా అరిచేశాను. "మర్యాదా ఇది? ఎవరడిగారు మిమ్మల్ని మర్యాద? రెండేళ్లు పోగేసుకున్నాను! నా చెల్లెలు అక్కడ ఒంటరిగా పురుడు పోసుకోవాలా మీ పరువు కోసం? అమ్మ లేని పిల్లండీ అది!" చేపలామె కత్తి పక్కన పెట్టి చూస్తోంది. బావగారి మొహం నల్లబడిపోయింది. అక్కేదో అనబోతే, "మీరూ మాట్లాడకండి" అన్నాను.

కారెక్కి వెనక్కి బయల్దేరాం. పాలకొల్లు దగ్గర పడుతుండగా బావగారు ముందు సీట్లోంచి వెనక్కి తిరక్కుండానే అన్నారు. "ఆ టికెట్ సంగతి నాకెవరూ చెప్పలేదమ్మా. రేపు ముప్ఫై ఒకటే కదా. పొద్దున్నే వెళ్లి మళ్లీ గీకిద్దాం. అప్పైతే అప్పే, నాదీ పూచీ."

మళ్లీ కొట్టు

కొట్టు తలుపు తీసేసరికి మేం మెట్ల మీదున్నాం. యజమాని సంగతి విని, "దానిదేముందండి, బిల్లు మళ్లీ రాసి మీ డబ్బు మీకిచ్చేస్తాను" అన్నాడు. కార్డు గీకాడు. మిషన్ కీచుకీచుమంది, ఆగిపోయింది. లైన్ లేదు. మళ్లీ గీకాడు. ఆర్థిక సంవత్సరం ఆఖరి రోజు, ఊరంతా బ్యాంకు లైన్ల మీదే ఉన్నట్టుంది. పది గంటలైంది, పదకొండైంది. మిషన్‌కి నెత్తి మీద రెండు తగిలించారు, ఫోను తీగ మార్చారు, కొట్లో పనివాళ్లందరూ చుట్టూ మూగారు.

బావగారు అటూ ఇటూ తిరుగుతున్నారు, అచ్చం నాలాగే. "అమ్మా, మూల మీద పెట్రోలు బంకులో మిషన్ వేరే బ్యాంకుది, అది పనిచేస్తోందంట. ట్రాక్టర్లకి డీజిల్ పీపాలు పట్టించేస్తాను, పద!" అన్నారు. డీజిల్‌కి పాయింట్లు రావు బావగారూ అని చెప్పాల్సి వచ్చింది. "ఏం కార్డమ్మా ఇది, పూతరేకులకీ పనికి రాదు, డీజిల్‌కీ పనికి రాదు" అని విసుక్కుని, మళ్లీ మిషన్ దగ్గరికే వెళ్లారు.

అక్క నా పక్కన పరుపు మీద కూచుంది. నిన్న నేనన్న మాటలు మనసులో పెట్టుకున్నట్టు లేదు. "మీ చెల్లెలి ఆయనది మంచి ఉద్యోగమేగా? టికెట్ ఆయన తియ్యనన్నారా?" అని అడిగింది.

"తీస్తానన్నారక్కా. రెండుసార్లు బతిమాలారు. నేనే గట్టిగా వద్దన్నాను. పురుడు పొయ్యడానికి పుట్టింటివాళ్లు వెళ్తూ అల్లుడి చేత ఖర్చు పెట్టిస్తారా ఎక్కడైనా? మా అమ్మ ఉంటే ఒప్పుకునేదా?"

అక్క నావైపు తిరిగింది. "మరి నిన్న సముద్రం ఒడ్డున మా ఆయన్నెందుకమ్మా అన్నేసి మాటలన్నావు?" అంది. ఎత్తిపొడుపేం లేదు, నిజంగానే అడిగింది.

నాకు కోపం వచ్చింది. తర్వాత సిగ్గేసింది. బావగారు నుదుటి మీద చెమటతో, ఇంట్లో తాతల నాటి నుంచీ చెయ్యని పని చేయించమని ఆ మిషన్‌ని బతిమాలుతున్నారు, "ఇంకొక్కసారి చూడవయ్యా, ఆడపిల్ల పురుడు" అంటూ. ఆ మనిషికి నా మీద పిసరంత కోపం లేదు. నాకు ఏడుపొచ్చింది.

"ఇంక ఆపించండి బావగారూ" అన్నాను. మెట్ల మీదకొచ్చి సుజాతకి ఫోన్ కలిపాను.

"సుజీ, పాయింట్లు రాలేదే. టికెట్... మీ ఆయన్నే తియ్యమను."

అటువైపు నుంచి అది వెక్కుతున్నట్టు వినిపించింది.

"తీసి పది రోజులైందక్కా. నీకు చెప్పడానికే భయమేసింది, చెప్తే రానంటావని. రోజూ నువ్వు ఫోన్ చేసి పాయింట్లు పాయింట్లు అంటుంటే, టికెట్ చేతిలో పట్టుకుని ఇద్దరం ఒకరి మొహాలొకరు చూసుకునేవాళ్లం."

నేను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను. వెనక బావగారు గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు, ఏమైందని అడగడానికి కూడా జంకుతున్నారు.

"ఏ తారీఖుకి తీశారే?"

"ఇరవైకక్కా."

"పందొమ్మిదికి మార్చమను. ఆ ఒక్కరోజు ముందుకి మార్చినందుకు ఎంతైతే అంతా ఆయన్నే కట్టుకోమను."